రాహుకాలపు స్క్రిప్టు

మా ఇంజనీరింగ్ కాలేజీ ఒకప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. బంగారుపాళ్యం దాటాక, చెన్నై–బెంగళూరు రోడ్డు పక్కన, తోటల మధ్య ఉంటుంది. గుజ్జు తీసిన షెడ్డులో ఇప్పుడు మెకానికల్ విభాగం ఉంది. డబ్బాలు పేర్చిన గోడౌను కంప్యూటర్ విభాగమైంది. ఈగలకు మాత్రం ఈ మార్పు సంగతి ఎవరూ చెప్పలేదు, జూన్ రాగానే పాత అలవాటు ప్రకారం వచ్చేస్తాయి.

యజమాని జయచంద్ర గారు. కాగితాల్లో ఆయన పదవి కరస్పాండెంట్. ముప్పయ్యేళ్ళ గుజ్జు వ్యాపారంలో ఆయన నేర్చుకున్నది ఒక్కటే. డబ్బా మీద చీటీ బాగుంటే లోపలేముందో ఎవరూ తెరిచి చూడరు. ఆ ఒక్క జ్ఞానంతో కాలేజీ పెట్టి, పదిహేనేళ్ళుగా నడుపుతున్నారు.

నా పేరు కోమలి. ఎం.టెక్. చదివాను. పాకాల నుంచి రోజూ కాలేజీ బస్సులో వచ్చిపోతాను. ఇక్కడ తొమ్మిదేళ్ళుగా క్లాసులు చెబుతున్నాను, ల్యాబు చూస్తున్నాను, కాలేజీ వెబ్ సర్వర్ నడుపుతున్నాను, ప్రిన్సిపాల్ గుణశేఖర్ గారి ఫోను నిండిపోయినప్పుడల్లా అందులోని శుభోదయం బొమ్మలు తీసి పారేస్తున్నాను. ఇన్ని చేసినా నాది తాత్కాలిక ఉద్యోగం. ఏప్రిల్ ఆఖరున తీసేస్తారు, జూన్ నడుమ మళ్ళీ చేర్చుకుంటారు. ఆ నెలన్నర నేనెవరో కాలేజీకి తెలియదు. మామూలు రోజుల్లో కూడా బిడ్డకు జ్వరం వచ్చిందని ఒక పూట ఆగిపోతే, మరుసటి రోజు ప్రిన్సిపాల్ గారు నా కుర్చీ వైపు చూసే చూపు వేరుగా ఉంటుంది.

పర్మనెంట్ ఆర్డరు ఎప్పుడిస్తారు సార్ అని అడిగితే జయచంద్ర గారు కాదనరు. ఆయన ఎన్నడూ కాదన్న పాపాన పోలేదు. ఆషాఢం పోనీ అంటారు. ఆషాఢం పోతే మూఢం వస్తుంది. మూఢం పోతే మార్గళి, అదే ధనుర్మాసం, వస్తుంది. ఈ తొమ్మిదేళ్ళలో అదే పంచాంగం చూసి ఆయన రెండు హాస్టళ్ళు కట్టారు, నాలుగు బస్సులు కొన్నారు, ఏడు బోర్లు వేశారు. నా ఆర్డరు మీద ఒక సంతకం పెట్టడానికి మాత్రం అందులో మంచి గడియ దొరకలేదు.

ఈసారి కొంచెం గట్టిగానే మాటిచ్చారు. కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి జూలైలో కమిటీ రాబోతోంది. గ్రేడు బాగా వస్తే సీట్లు పెరుగుతాయి. "కమిటీ అట్ల పోతానే నీ ఆర్డరు ఇట్ల ఇస్తా పాపా," అని తిరుమల కొండ ఉన్న దిక్కుకు చెయ్యి చాపి చెప్పారు. మా జిల్లాలో కొండ తట్టు చెయ్యి చూపించి అబద్ధం చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే నమ్మాను.

కమిటీ వచ్చేలోగా కాలేజీ అయిదారేళ్ళలో ఏమేం చేసిందో రుజువులన్నీ వెబ్‌సైటులో పెట్టాలి. సదస్సుల ఫోటోలు, సమావేశాల నిర్ణయాలు, అధ్యాపకుల సర్టిఫికెట్లు, ఉత్తర్వులు, ఏ సంవత్సరానివి ఆ సంవత్సరం ఫోల్డరులో ఉండాలి. ఏటేటా కొన్ని ఎక్కాయి గానీ, మిగతావన్నీ అన్ని విభాగాల వాళ్ళూ నెల రోజులుగా రాత్రనక పగలనక ఎక్కిస్తున్నారు. అంతలోనే అన్ని సదస్సులు ఎప్పుడు జరిగాయబ్బా అని నాకు అనుమానం రాలేదని బుకాయించను. అక్కడొకటి ఇక్కడొకటి అతుకులు వేస్తున్నారని తెలుసు. ఏ కాలేజీలోనైనా అంతే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దాచిపెట్టడం నా పని, తెరిచి చదవడం కాదు.

కమిటీ శనివారం వస్తుందనగా మంగళవారం సర్వర్ డిస్కు నిండిపోయింది. ఒక్క ఫోటో కూడా ఎక్కనంటోంది. నేను కొత్త డిస్కు కొనమన్నాను. జయచంద్ర గారికి కొత్తది కొనడమంటే ఒంట్లో బాగుండదు. ఉన్నదాన్ని కడిగి వాడుకోమన్నారు. గుజ్జు డబ్బాలనూ ఆయన అలాగే వాడారని పాతవాళ్ళు చెబుతారు.

ప్రిన్సిపాల్ గారు కూడా వంత పాడారు. ఒకే ఫైలును నలుగురు నాలుగు సార్లు ఎక్కించి ఉంటారు, ఆ నకళ్ళు తీసేస్తే చోటు అదే వస్తుంది అన్నారు. ఆయన తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, తన మెడకు తాడు తానే పేని నా చేతికిచ్చారు.

వేలాది ఫైళ్ళను మనిషి కూర్చుని పోల్చలేడు. అందుకే షెల్ స్క్రిప్టు రాశాను. అదేమీ బ్రహ్మవిద్య కాదు. చేత్తో చేయాల్సిన పనిని వరసగా రాసి కంప్యూటరుకు అప్పజెప్పడం, అంతే. ఏ ఫైలుకైనా లోపలి సరుకును బట్టి ఒక గుర్తు లెక్కగట్టవచ్చు. పైన పేరు ఏదైనా కానీ, లోపల పొల్లు పోకుండా ఒకటే అయితే గుర్తు కూడా ఒకటే వస్తుంది. నా స్క్రిప్టు మూడు పనులు చేస్తుంది. మొదట సర్వర్ మొత్తాన్ని రెండో డిస్కులోకి కాపీ తీస్తుంది. తర్వాత ఒకే గుర్తున్న ఫైళ్ళలో అన్నిటికంటే పాతదాన్ని ఉంచి మిగతావి చెరిపేస్తుంది. చెరిపిన ప్రతి ఫైలూ ఎక్కడుండేది, ఏ ఫైలుకు నకలు అన్నది ఒక చిట్టాలో రాసిపెడుతుంది. మొత్తం నలభై లైన్లు. బుధవారం దాన్ని లైబ్రరీ ఫోల్డరు మీద నడిపి చూసుకున్నాను. ముచ్చటేసింది. ఆ కాలేజీలో చెప్పింది చెప్పినట్టు చేసేది అదొక్కటే అనిపించింది.

ఒక్క ఇబ్బంది ఉంది. ఆ రెండో డిస్కులో ఒక్క కాపీకే చోటు. కొత్త కాపీ వస్తే పాతది పోతుంది. అందుకే వరస ముఖ్యం. ముందు కాపీ తీయాలి, ఆ తర్వాతే ఊడ్వాలి.

గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకు, అందరూ భోజనాలకు పోయినప్పుడు స్క్రిప్టు దానంతటదే నడిచేలా పెడతానని చెప్పాను. జయచంద్ర గారు టేబులు సొరుగులోంచి పంచాంగం తీశారు. గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. అయితే మూడు దాటినాక నడుపుతాను సార్ అన్నాను. అక్కడితో వదిలేసి ఉంటే బాగుండేది. ఆయన ఆలోచించారు.

"కాపీ తీసి దాచేది శుభకార్యం. దాన్ని మూడు పైన పెట్టు," అన్నారు. "చెత్త ఊడ్చేది మాత్రం రాహుకాలంలోనే చెయ్యాల. అప్పుడు ఊడిస్తే మళ్ళా రాదు."

అలా చేస్తే ఊడ్చిన తర్వాత కాపీ తీసినట్టవుతుంది, అది కాపీ తీయకపోవడంతో సమానం అని చెప్పాను. ఒకసారి మామూలుగా చెప్పాను. రెండోసారి కాగితం మీద బొమ్మ వేసి చెప్పాను. మూడోసారి, పొరపాటున ఏదైనా పోతే తిరిగి తెచ్చుకోవడానికే కదా సార్ కాపీ అని కొంచెం గొంతు పెంచి చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"యాడన్నా చెత్త ఊడవకుండానే బీరువాలో సామాన్లు సర్దుతారా పాపా?"

ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. ఆయనకు కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ ఉంది. ఆ తల అంత చదువును మోస్తూ కూడా అంత తేలిగ్గా ఎలా ఊగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాకు మండిపోయింది. సరే, మీరు చెప్పినట్టే చేస్తాను గానీ వేళలు రాసి ఇస్తాను, సంతకం పెట్టండి అన్నాను. ఒకటీ నలభై అయిదుకు చెరుపుడు, మూడూ పదికి కాపీ అని ప్రింటు తీసి ఇచ్చాను. జయచంద్ర గారు దానికి నాలుగు మూలలా పసుపు పూసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి, కింద సంతకం చేశారు. నా పేరున్న కాగితం మీద ఆయన సంతకం చేయడం తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. అప్పటికి నేను అలాగే అనుకున్నాను.

పోయేవి నకళ్ళే కదా, అసలు ఒకటి ఉంటుంది కదా, మహా అయితే ఏం పోతుంది అని ధైర్యం చెప్పుకున్నాను కూడా.

గురువారం సర్వర్ మీద అటెండరు వెంకటముని నిమ్మకాయ పెట్టి పోయాడు. కర్పూరం వెలిగిస్తానంటే నేనే వద్దన్నాను. ఒకటీ నలభై అయిదుకు స్క్రిప్టు మొదలైంది, రెండు కాకముందే అయిపోయింది. మూడూ పదికి కాపీ మొదలైంది. నాలుగే నాలుగు నిమిషాల్లో ముగిసింది. అంత సామాను కాపీ చేయడానికి మామూలుగా ముప్పావు గంట పడుతుంది.

చూసుకుంటే, పొద్దున నాలుగు వేల ఆరువందల పైచిలుకు ఫైళ్ళున్న కాలేజీకి మూడు వందల ఎనభై ఎనిమిది మిగిలాయి.

స్క్రిప్టులో తప్పుందేమోనని లైను లైనూ చదివాను. తప్పు లేదు. అది చెప్పిన పనే చేసింది. అయిదేళ్ళలో మా కాలేజీలో అరవై పాలకమండలి సమావేశాలు జరిగాయి కదా, అవి అరవై తేదీలు పేర్లుగా పెట్టుకున్న ఒకే ఒక్క కాగితం. అదే పదకొండు మంది హాజరు, అదే నిర్ణయం: తదుపరి సమావేశంలో చర్చించుట. జర్మనీ ప్రొఫెసరు ఉపన్యాసం, జపాను ప్రొఫెసరు ఉపన్యాసం, కెనడా శాస్త్రవేత్తతో ముఖాముఖి, ఈ మూడింట్లోనూ ఉన్న తెల్లాయన ఒకడే, ఎప్పుడో గుజ్జు కొనడానికి హాలెండు నుంచి వచ్చిన వ్యాపారి. కంప్యూటరుకు ఆయన దేశంతో పని లేదు. ఫోటో ఒకటే కాబట్టి ఒకటి ఉంచి రెండు తీసేసింది.

అధ్యాపకులు ఎనభై ఆరు మంది ఉండేవాళ్ళు. ముప్పై ఒక్క మొహాలు మిగిలాయి. తక్కిన యాభై అయిదు మందీ అరువు మొహాలతో బతుకుతున్నవాళ్ళు. పేర్లున్నాయి, చదువులున్నాయి, పక్కన మొహం ఉండాల్సిన చోట తెల్లటి చదరం ఉంది.

ప్రిన్సిపాల్ గారు తన గదిలో వెబ్‌సైటు తెరిచారు. ఒక తెల్ల చదరం మీద నొక్కారు, ఇంకో తెల్ల చదరం మీద నొక్కారు. మంచినీళ్ళు అడిగారు. జయచంద్ర గారు తోటలో కాయలు తూకం వేయిస్తున్నవారు అలాగే చెప్పులతో వచ్చేశారు. ఎంత పని చేసినావమ్మా అని నన్నే అన్నారు. నేను పసుపు పూసిన కాగితం ముందు పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నేను పసుపు పెట్టింది కాగితానికి. మిషనుకు కాదు," అన్నారు.

ఆ మాటకు నవ్వు వచ్చింది గానీ నవ్వే వేళ కాదు. వారం వారం తీసే పాత కాపీ పోయింది. దాని స్థానంలో రెండో డిస్కులో ఇప్పుడు భద్రంగా ఉన్నది అదే మూడు వందల ఎనభై ఎనిమిది. ఎల్లుండి కమిటీ. తిరిగి తెచ్చే దారి ఏదన్నా ఉందా అని ఇద్దరూ నా మొహం చూశారు. ఉంది. స్క్రిప్టు ఏదేది చెరిపిందో, దేనికి నకలో చిట్టాలో రాసింది. దాన్ని తిరగేసి నడిపిస్తే ఎక్కడివక్కడ వచ్చి కూర్చుంటాయి. పది లైన్ల పని. ఆ సంగతి చెప్పాను. జయచంద్ర గారు కొండ దిక్కుకు దండం పెట్టారు. రేపు శుక్రవారం పదిన్నర లోపలే చెయ్యి, ఆ పైన రాహుకాలం వస్తాది అని హెచ్చరించి తోటకు పోయారు.

బస్సుకు ఇంకా గంట ఉంది. సర్వర్ గదిలో కూర్చుని చిట్టా తెరిచాను. ఇన్ని మొహాలు అరువిచ్చినవాళ్ళలో నేను కూడా ఉన్నానేమోనని సరదాకు నా పేరు వెతికాను. ఉన్నాను. నా మొహంతో సివిల్‌లో ఒకామె డాక్టరేటు చేసింది, మెకానికల్‌లో ఇంకొకామె ఇరవై ఏళ్ళ అనుభవం సంపాదించింది. నవ్వుకున్నాను. వాళ్ళిద్దరూ నాకంటే బాగుపడ్డారు.

ఆ కింది లైను చదివాక నవ్వు ఆగిపోయింది. 'కోమలి, నియామక ఉత్తర్వు' అనే ఫైలు. ఆరు ఫోల్డర్లలో, ఏడాదికొకటి చొప్పున ఉండేది. స్క్రిప్టు అయిదింటిని చెరిపి పాతదాన్ని ఉంచింది. తెరిచాను. నన్ను అసిస్టెంట్ ప్రొఫెసరుగా పర్మనెంటు చేస్తూ ఇచ్చిన ఉత్తర్వు అది. తేదీ 2019 జూలై 15. కింద జయచంద్ర గారి సంతకం, దాని పక్కన 'కృతజ్ఞతలతో అందుకున్నాను' అని నా సంతకం. నా సంతకం నాకంటే ముత్యాల్లా పెట్టారెవరో. ఫోనులో ఆ ఏటి పంచాంగం తీసి చూశాను. ఆ రోజు ఆషాఢమే.

దాని కింద ఇంకొకటి ఉంది. ప్రసూతి సెలవు మంజూరు. 2021. పూర్తి జీతంతో ఇరవై ఆరు వారాలు.

అది రెండుసార్లు చదివాను. బిడ్డ పుట్టిన ముప్పై ఎనిమిదో రోజున నేను కాలేజీకి వచ్చాను. ఇంకా ఆలస్యమైతే నీ సీటు ఉండదు పాపా, ఎవరో ఒకరిని పెట్టుకోవల్ల కదా అని జయచంద్ర గారు ఫోను చేశారు. కుట్లు పచ్చిగా ఉండేవి. పాకాల నుంచి బస్సులో ప్రతి గతుకు దగ్గరా పళ్ళు బిగించేదాన్ని. మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. కాలేజీ మొత్తంలో లోపల గడియ ఉన్న గది ఈ సర్వర్ గది ఒక్కటే. ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని, పాలు పిండి, బాత్రూములో పారబోసి, మొహం కడుక్కుని క్లాసుకు పోయేదాన్ని. అక్కడ ఇంట్లో మా అత్త బిడ్డకు డబ్బా పాలు పట్టేది. ఆ ఆరు నెలలూ ఈ సర్వర్‌లోనే, నాకు మూరెడు దూరంలో, నేను ఇంట్లో హాయిగా బిడ్డను ఎత్తుకుని ఉన్నట్టు కాగితం ఉంది.

ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. వాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందో, నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆ కాగితాన్ని ఎక్కించుకున్నది నా సర్వరే. చెడిపోకుండా ప్రతి వారం కాపీ తీసి కాపాడింది నేనే.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసొచ్చింది. ఎప్పుడు తనిఖీ జరిగినా జయచంద్ర గారు నన్ను తిరుపతికి పంపేవారు. వచ్చినవాళ్ళకు గదులు, దర్శనం టిక్కెట్లు, ప్రసాదం చూసుకోమనేవారు. నీ మీద ఉన్న నమ్మకం ఇంకెవరి మీదా లేదు పాపా అనేవారు. నేను పొంగిపోయేదాన్ని.

పాకాల స్టేషను ఎదురుగా మా ఆయన మునిప్రసాద్‌కు ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. బస్సు దిగి నేరుగా అక్కడికే పోయి, ఫోనులో తీసిన ఆ రెండు కాగితాల ఫోటోలు చూపించాను. అతను చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి చదివాడు.

"రేపు వాటిని వెనక్కి తెచ్చిస్తావా?" అన్నాడు.

"తెస్తాను."

"ఎందుకు?"

చెప్పాను. చిట్టా నా చేతిలో ఉంది. తేలేనని చేతులెత్తేస్తే వాళ్ళ అబద్ధాలన్నీ పోతాయి, నిజమే. వాటితో పాటు నా ఉత్తర్వు కూడా అయిదేళ్ళ ఫోల్డర్లలోంచి పోయి ఒక్కటి మిగులుతుంది. ఒక్క చోట ఉంటే పొరపాటున ఎక్కింది అంటారు. ఆరేళ్ళు వరసగా ఉంటే దాన్ని ఉద్యోగం అంటారు. మునిప్రసాద్ అంగడి మూసి, బిడ్డకు బన్ను కొని, నన్ను బండి మీద ఇంటికి తీసుకుపోయాడు.

శుక్రవారం తొమ్మిదికల్లా తిరగేసే స్క్రిప్టు రాసి నడిపాను. ఎనిమిది నిమిషాల్లో అరవై సమావేశాలూ జరిగాయి. హాలెండు వ్యాపారి మళ్ళీ జర్మనీకి, జపానుకు, కెనడాకు చేరుకున్నాడు. యాభై అయిదు మందికీ మొహాలు వచ్చాయి. నేను పర్మనెంటయ్యాను. కొత్తవి ఎక్కించడానికి మళ్ళీ చోటు లేకుండా పోయింది గానీ, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. చూపించడానికి ఉన్నవే చాలన్నారు.

పదింటికి జయచంద్ర గారి గదికి పోయాను. చివరి అవకాశం ఆయనకే ఇద్దామనుకున్నాను. పనైపోయింది సార్, ఆర్డరు ఈరోజే ఇవ్వగలరా అని మర్యాదగా అడిగాను. ఆ క్షణంలో ఆయన సరేనని ఒక్క కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, ఆ రెండు కాగితాల సంగతి నా కడుపులోనే పెట్టుకునేదాన్ని. అంత బలహీనురాలినే నేను. ఆయన పంచాంగం కూడా తీయలేదు. బాగా అలవాటైన మాట కాబట్టి చూడకుండానే చెప్పారు.

"ఆషాఢం కదా పాపా. శ్రావణం రానీ. రేపు పొద్దున్నే తిరుపతికి పో, వాళ్ళకు గదులు, ప్రసాదం సూసుకో."

సరే సార్ అని వచ్చేశాను.

శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. కమిటీలోని ముగ్గురినీ గేటు దాటిన వెంటనే క్యాంటీనులో కూర్చోబెట్టి, ఇడ్లీ, పొంగలి, వడ, మళ్ళీ ఇడ్లీ అంటూ పదీ ముప్పై అయిదు దాకా కదలనివ్వలేదు. ఆ తర్వాత సెమినారు హాలులో అధ్యాపకులను పేరు పేరునా పిలిచి, కాగితాలతో సరిచూసే కార్యక్రమం పెట్టారు. నేను తిరుపతికి పోలేదు. హాలులో మూడో వరసలో కూర్చున్నాను. వేదిక మీద నుంచి జయచంద్ర గారు నన్ను చూశారు. బయటికి పో అన్నట్టు కళ్ళతో సైగ చేశారు. నాకు అర్థం కానట్టు నమస్కారం పెట్టాను.

కమిటీలో ఒక పెద్దావిడ ఉన్నారు. రిటైరైన ప్రొఫెసరు, గుంటూరు వైపు మనిషి. కాగితాలు చూసేది ఆవిడే. వెబ్‌సైటులోంచి తీసుకున్న జాబితా ముందు పెట్టుకుని ఒక్కో పేరూ చదువుతున్నారు. కోమలి, కంప్యూటర్ సైన్స్, పర్మనెంట్ అని చదివారు. నేను లేచాను. నాతో పాటు మొదటి వరసలో ఇంకొకామె లేచింది. జయచంద్ర గారి చెల్లెలి కోడలు ప్రశాంతి. చిత్తూరులో బ్యూటీ పార్లరు నడుపుతుంది. ఇన్నేళ్ళూ ప్రతి తనిఖీలోనూ నేనుగా లేచి నిలబడింది ఆమేనన్నమాట. పాపం పట్టుచీర కూడా కట్టుకుని వచ్చింది. వెనక్కి తిరిగి నన్ను చూసి, జాబితా పక్కనున్న ఫోటో ఎవరిదో గుర్తొచ్చిందేమో, చీర సర్దుకోవడానికి లేచినట్టు సర్దుకుని కూర్చుంది.

పెద్దావిడ ఫోటోను చూసి నన్ను చూశారు. ఈమె మీ పర్మనెంట్ ఉద్యోగేనా అని జయచంద్ర గారిని అడిగారు. ఆయన గొంతు సవరించుకున్నారు. కాదంటే, ఆరేళ్ళుగా తాను సంతకం పెట్టిన కాగితం అబద్ధమని కమిటీ ముందు తానే చెప్పినట్టు. పంచాంగం కోసం చెయ్యి జేబు దాకా పోయింది. అందులో ఆ గడియకు పరిష్కారం లేదు.

"మా పాపే మేడమ్," అన్నారు. "పర్మనెంటే. మా ఇంటి మనిషి లెక్క."

ఆవిడ జాబితాలో నా పేరు పక్కన టిక్కు పెట్టి, దాని మీద తన పొడి అక్షరాల సంతకం చేశారు. ఒక్క నిమిషం పట్టలేదు. తర్వాతి కాగితం తిప్పి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు. ఆవిడ మొహం వికసించింది. ప్రైవేటు కాలేజీల్లో ఇలాంటిది తాను ఎక్కడా చూడలేదనీ, పూర్తి జీతంతో ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు ఇవ్వడం గొప్ప సంగతనీ, నివేదికలో ప్రత్యేకంగా రాస్తాననీ పక్కవాళ్ళిద్దరితో అన్నారు. జయచంద్ర గారు చేతులు కట్టుకుని వినయంగా తల వంచారు. ప్రిన్సిపాల్ గారి తల అప్పటికే ఊగుతోంది.

ఆవిడ నా వైపు తిరిగి ఆప్యాయంగా అడిగారు.

"ఇరవై ఆరు వారాలూ ఇచ్చారా అమ్మా?"

"ఇచ్చినారంట మేడమ్," అన్నాను. "నాకు మొన్న గురువారం తెలిసింది. బిడ్డకిప్పుడు నాలుగేండ్లు."